తూకపు ముల్లు కదలనినాడు



మా ఆరోగ్య ప్రసంగములను విని శ్రోతలు వ్రాయు ఉత్తరములు చాలవరకు ప్రశ్నలతో నిండి యుండును. ఫలానా జ్వరమునకు ఏమి పథ్యము, ఫలానా నొప్పికి ఏమి వ్యాయామము అని అడుగుదురు. ఇటీవల వచ్చిన ఒక ఉత్తరములో మాత్రము ప్రశ్న లేదు, క్షమాపణ ఉన్నది. వ్రాసిన సోదరి ఒక పాఠశాలలో ఉపాధ్యాయిని. ఆమె పేరును, ఊరును చెప్పము. ఉత్తరములోని సంగతి చెప్పుటకు ఆమె అనుమతి ఇచ్చినారు.

ఆమె స్థూలకాయము తగ్గుటకై జీర్ణాశయమునకు శస్త్రచికిత్స చేయించుకొన్నారు. ఆపరేషను నాటికి ఆమె బరువు 119 కిలోలు. ఏడవ నెలకు 91 కిలోలకు వచ్చినది. ఆ తరువాత ఐదు వారములు తూకపు ముల్లు కదలలేదు. ఆరవ వారమున తగ్గుటకు మారుగా కిలోన్నర పెరిగినది. "ఇంటివారిచేత ఇంత డబ్బు ఖర్చు పెట్టించి, ఇప్పుడు వారికి ముఖము చూపలేకున్నాను. డాక్టరుగారు కోపపడుదురేమోనని ఈసారి పరీక్షకు పోలేదు. మాత్రలు అయిపోయి మూడు వారములైనది. తెచ్చుకొనుటకు మనసు రాలేదు. మీ ప్రసంగములు విని కూడ బాగుపడలేని నన్ను క్షమించవలెను" అని వ్రాసినారు.

ఆ ఉత్తరమును మేము పలుమారులు చదివినాము. ముల్లు కదలకపోవుట మమ్ము అంతగా కలవరపెట్టలేదు. మాత్రలు మానివేయుట, ఆసుపత్రి గడప తొక్కకపోవుట కలవరపెట్టినవి. మేము వైద్యులము కాము. కనుక ఈ చికిత్స చేయు వైద్యులను అడిగి, ప్రకటితములైన పరిశోధనలను చూచి, తెలిసికొన్న సంగతులను నేడు మీ ముందుంచుచున్నాము. ఆ సోదరి వంటివారు మన ఊళ్ళలో ఇంకను ఉన్నారు. వారి ప్రక్కన కూర్చుండి భోజనము చేయు బంధువులు అంతకంటె ఎక్కువమంది ఉన్నారు. ఈ మాటలు ఉభయులకును ఉద్దేశించినవి.

మొదట ఆ చికిత్స ఏమో చూతము. నేడు ఎక్కువగా చేయు పద్ధతులు రెండు. మొదటిది స్లీవ్ గాస్ట్రెక్టమీ. అందు జీర్ణాశయములో సుమారు ముప్పాతిక భాగమును, ఒక్కొక్కప్పుడు అంతకు కొంచెము మించి, కత్తిరించి తీసివేసి, మిగిలిన దానిని చొక్కా చేతివలె సన్నని గొట్టముగా కుట్టుదురు. రెండవది గాస్ట్రిక్ బైపాస్. అందు జీర్ణాశయపు పైభాగమున ఒక చిన్న సంచిని మాత్రము వేరుచేసి, దానిని నేరుగా చిన్న ప్రేగుతో కలుపుదురు. ఈ బైపాసును 1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ మేసన్ అను శస్త్రవైద్యుడు ప్రారంభించినాడు. పుండ్ల కారణమున జీర్ణాశయములో కొంత భాగము తీసివేయబడినవారు మరల లావెక్కుట అరుదని గమనించుటయే ఆయన ఆలోచనకు మూలము.

ఇంత చిన్న సంచితో తిను మనుష్యుడు నానాటికి తగ్గుచునే పోవలెను గదా, మధ్యలో ఆగుట ఏమని చాలమంది అనుకొందురు. అంకెల లెక్క ప్రకారము అట్లే తోచును. కాని దేహము అంకెల పుస్తకము కాదు. అది వేల యేండ్లు కరవులను దాటి వచ్చిన గృహస్థు వంటిది. రాబడి తగ్గిన సంసారి ఏమి చేయును? దీపముల సంఖ్య తగ్గించును; కొట్టులోని ధాన్యమును కొలిచి తీయును. దేహము చేయునదియు ఇదే.

ఇందుకు ప్రసిద్ధమైన నిదర్శనము ఒకటి కలదు. 1944, 1945 సంవత్సరములలో మినెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు 36 మంది యువకులకు, వారి ఇష్టముతోనే, ఆరు నెలలు అరకొర ఆహారము పెట్టి పరీక్షించినాడు. యుద్ధము ముగియగానే యూరపులో క్షామబాధితులకు ఎట్లు ఆహారమీయవలెనో తెలిసికొనుట ఆ పరీక్షకు ఉద్దేశము. ఆ యువకుల బరువు సుమారు నాలుగవ వంతు తగ్గినది. కాని దానితోపాటు వారి నాడి మందగించినది. చలి ఎక్కువగా తోచినది. ఊరక కూర్చున్నప్పుడు దేహము ఖర్చు చేయు శక్తి సుమారు 40 శాతము పడిపోయినది. తలపులన్నియు తిండి చుట్టునే తిరిగినవి. వారు స్థూలకాయులు కారు. వారి సంగతి ఆపరేషను చేయించుకొన్నవారి సంగతితో అక్షరాల సరిపోదు. అయినను రాబడి తగ్గినప్పుడు దేహము వ్యయమును తగ్గించుకొనునను సూత్రము ఇరువురకును సమానమే.

తరువాతి శాస్త్రజ్ఞులు దీని లోపలి తీరును కొంత కనుగొన్నారు. 1994లో న్యూయార్కు నగరమున జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందము లెప్టిన్ అను హార్మోనును కనుగొన్నది. క్రొవ్వు నుండి పుట్టి, నిలువ ఎంత ఉన్నదో మెదడునకు తెలుపునది అది. క్రొవ్వు కరిగినకొలది లెప్టిన్ తగ్గును. మెదడు దానిని కరవు వార్తగా గ్రహించును. 1999లో జపాను శాస్త్రజ్ఞులు ఘ్రెలిన్ అను ఆకలి హార్మోనును కనుగొన్నారు. అది ముఖ్యముగా జీర్ణాశయపు పైభాగమున పుట్టును. స్లీవ్ చికిత్సలో తీసివేయునది ఆ భాగమునే గనుక, ఆపరేషను తరువాత కొన్ని నెలలు ఆకలి బాగుగా అణగి యుండును. ఆ నెలలలోనే బరువు వేగముగా దిగును. పిమ్మట ఆకలి కొంత తిరిగి వచ్చును. అది రోగి మనోబలము తగ్గినందున వచ్చినది కాదు.

మొదటి నెలలోని వేగమును గూర్చి ఒక మాట. దేహము కొంత పిండిపదార్థమును గ్లైకొజెన్ అను రూపమున కాలేయములోను కండరములలోను నిలువ చేయును. ఆ నిలువలో ప్రతి గ్రాముతోపాటు సుమారు మూడు గ్రాముల నీరు చేరియుండును. ఆహారము తగ్గగానే మొదట ఖర్చగునది ఈ నిలువయే. అనగా తొలి వారములలో దిగిన కిలోలలో చాలభాగము నీరు. ఆ నీరు పోవుట ఆగగానే తూకము నిలిచిపోయినట్లు తోచును. మూడవ వారముననో, నాలుగవ వారముననో ఇట్టి నిలుపుదల సర్వసాధారణము. అటు తరువాత కూడ ఒకటి రెండు నెలలకొకసారి ముల్లు కొన్ని వారములపాటు కదలకపోవచ్చును. పైగా 90 కిలోల దేహమునకు 119 కిలోల దేహమంత శక్తి అక్కరలేదు. నడచుటకు, మెట్లెక్కుటకు, కడకు నిద్రించుటకు కూడ దానికి తక్కువ చాలును. కనుక మొదటి నెల వేగము ఏడవ నెలలో ఉండుమనుట న్యాయము కాదు.

ఇక పెరుగుదల మాట. స్వీడనులో 1987లో ప్రారంభమైన ఒక పెద్ద అధ్యయనమును ఇచ్చట చెప్పవలెను. ఆపరేషను చేయించుకొన్న 2010 మందిని, చేయించుకొనని 2037 మందిని ఏండ్ల తరబడి గమనించి, ఫలితములను 2007లో ప్రకటించినారు. గాస్ట్రిక్ బైపాస్ చేయించుకొన్నవారు మొదటి రెండేండ్లలో సగటున తమ బరువులో 32 శాతము తగ్గినారు. పదియవ ఏట చూడగా ఆ తగ్గుదల 25 శాతముగా నిలిచినది. 120 కిలోల మనుష్యునికి ఈ లెక్క వేయుదము. అతడు సుమారు 82 కిలోలకు దిగి, పదేండ్లకు 90 కిలోల వద్ద నిలిచినాడన్నమాట. ఎనిమిది కిలోలు తిరిగి వచ్చినవి. ఆ ఎనిమిది కిలోలను చూచి అతడు, "నేను ఓడిపోయితిని" అనుకొనవచ్చును. ఇరుగుపొరుగువారు, "చూచితివా, మరల మొదటికే వచ్చినది" అనవచ్చును. కాని అతడు సగటు మనుష్యుడు. అతనికి జరిగినది సామాన్యముగా జరుగునదే. మొదటి బరువు కంటె 30 కిలోలు తక్కువగా పదేండ్లు గడపినాడు. అదే అధ్యయనమున సగటున 11 సంవత్సరముల కాలములో, ఆపరేషను లేనివారిలో 129 మంది మరణింపగా, చేయించుకొన్నవారిలో 101 మంది మరణించినారు. కొంత బరువు తిరిగి వచ్చినను, ఆయుర్దాయమున కలిగిన లాభము అంతయు పోలేదని దీనివలన తెలియుచున్నది.

అట్లని ప్రతి పెరుగుదలను సహజమని విడిచిపెట్టవచ్చునా? విడువరాదు. నెలల తరబడి బరువు పెరుగుచునే యున్నచో దానికి కారణము వెదకవలెను. థైరాయిడ్ మందగించి యుండవచ్చును. కీళ్ళ నొప్పులకో, ఉబ్బసమునకో వాడు స్టెరాయిడ్ మందులు, మనోవ్యాధులకు వాడు కొన్ని మందులు బరువు పెంచవచ్చును. కుట్టిన సంచియో, ప్రేగుతో కలిపిన చోటో సాగి యుండవచ్చును. వీనిని గోడకు వ్రేలాడు అద్దము చెప్పలేదు. డాక్టరే చెప్పవలెను. మందే కారణమైనను, దానిని మనంతట మనము మానరాదు, మార్చువారు వైద్యులే. ఆహారమును సవరించుట, ఆకలిని తగ్గించు మందులు ఇచ్చుట, అవసరమైనచో మరల శస్త్రచికిత్స చేయుట అను మార్గములు వారి యొద్ద ఉన్నవి. వెళ్ళినవారికే అవి అందును. బరువు పెరిగినవాడు సిగ్గుపడి వెళ్ళడు; తగ్గినవాడు సంతోషముతో వెళ్ళును. వెళ్ళవలసిన అవసరము ఎవరికి ఎక్కువయో ఆలోచింపుడు.

మన వంటిండ్లలో ఈ చికిత్సకు అడ్డువచ్చు అలవాట్లు కొన్ని కలవు. మన భోజనము అన్నముతో మొదలై, మజ్జిగతో ముగియును. నడుమ రెండు గ్లాసుల నీరు త్రాగుదుము. చిన్న సంచి గలవారికి ఈ వరుస పనికిరాదు. వారికి దినమునకు సుమారు 60 నుండి 80 గ్రాముల వరకు మాంసకృత్తులు కావలెనని వైద్యులు చెప్పుచున్నారు. ఒక కోడిగ్రుడ్డులో ఉన్నది 6 గ్రాములు. 100 గ్రాముల పెరుగులో ఉన్నది 3 గ్రాములు. కనుక విస్తరిలో మొదట గట్టి పప్పో, గ్రుడ్డో, చేపముక్కయో తినవలెను. తరువాత కూర. చోటు మిగిలినచో అన్నము. నీరును, మజ్జిగను భోజనముతో కలుపక, అరగంట ఎడమిచ్చి త్రాగవలెను. ఉదయము ఇడ్లీకి బదులు పెసరట్టు మేలు.

ఇంకొక చిక్కు ఉన్నది. గట్టి ఆహారము సంచిలో నిలిచి తృప్తినిచ్చును. మెత్తనిది, కరిగిపోవునది జారిపోవును. జంతికలు, కారప్పూస, మిక్స్చరు, బిస్కట్లు, ఐస్‌క్రీము ఇట్టివి. సాయంకాలము టీతో నాలుగు పలుకులు నోట వేసికొన్నచో సంచి నిండినట్లే ఉండదు. ముద్ద అన్నము పట్టనివాడు డబ్బా కారప్పూస తినగలడు. బరువు తిరిగి వచ్చు దారులలో ఇది ముఖ్యమైనది. బైపాస్ అయినవారికి తీపి వలన వేరొక బాధ కలదు. బొబ్బట్టో, పాయసమో తిన్న కొంతసేపటికి గుండె దడ, చెమట, తల తిరుగుట, విరేచనము కలుగవచ్చును. పండుగనాడు దీనిని అనుభవించి, దిష్టి తగిలినదని భయపడువారు ఉన్నారు. దిష్టి కాదు, తీపి త్వరగా ప్రేగులోనికి దిగుటవలన కలిగినది.

కండరమును కాపాడుకొనుట అన్నిటికంటె అవసరము. ఊరక కూర్చున్నను శక్తిని ఖర్చు చేయునది కండరము. దినమునకు అరగంట నడక మంచిది. దానితోపాటు వారమునకు రెండు మూడుసార్లు కండరములకు బరువు కలుగు పని చేయవలెను. కుర్చీ నుండి చేతులు ఆనించక పదిసార్లు లేచి కూర్చుండుట, నీటి సీసాలను పట్టి చేతులెత్తుట వంటివి ఇంటనే చేయవచ్చును.

ఇక మాత్రలు. మా సోదరి మూడు వారములు మానినది వీనినే. ఈ ఆపరేషనుల తరువాత ఇనుము, కాల్షియము, విటమిను డి, విటమిను బి12 మొదలగునవి దేహమునకు చాలినంత అందవు. కనుక వీనిని బరువు తగ్గువరకు మాత్రమే గాక, జీవితాంతము వాడవలెను. ముల్లు కదలనందున మాత్ర మానుట, పంట తగ్గినదని గట్టు తెంచుట వంటిది. మూడవ నెల మొదలు వెండ్రుకలు రాలుట చాలమందికి కలుగును. అది సాధారణముగా తాత్కాలికమే. అయినను పరీక్షలో చెప్పవలెను.

కొన్ని లక్షణములకు మాత్రము ఎదురుచూడరాదు. ఆగని వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి, నల్లని విరేచనము, ఆయాసము కనబడినచో వెంటనే ఆసుపత్రికి పోవలెను. వాంతుల తరువాత పాదములలో తిమ్మిరి, నడకలో తూలుట, చూపు చెదరుట కలిగినచో అది బి1 విటమిను కొరత కావచ్చును. ఆలస్యమైనచో నరములకును, మెదడునకును శాశ్వతమైన హాని కలుగును. బైపాస్ అయినవారు నొప్పి మాత్రలను దుకాణమున కొని మ్రింగరాదు. అవి పుండ్లు పుట్టించును. ఏకాదశికైనను, రంజానుకైనను ఉపవాసము డాక్టరునడిగియే చేయవలెను. ఆపరేషను తరువాత మద్యము త్వరగా తలకెక్కును. దానికి దాసులగు ప్రమాదము కూడ హెచ్చును.

మనస్సు మాట వేరుగా చెప్పవలెను. ఇంతకాలము దుఃఖము కలిగినప్పుడు తిండి ఓదార్చినది. ఇప్పుడు ఆ ఓదార్పు లేదు. ఆశించిన ఫలము ఆగినచో దిగులు లోతుగా దిగును. నిద్ర పట్టకపోవుట, ఎవరితోను మాటాడ బుద్ధి పుట్టకపోవుట, బ్రతుకు ఎందుకను తలపు వచ్చుట గమనించినచో, దానిని కూడ కడుపునొప్పి వలెనే వైద్యునికి చెప్పవలెను. అందు దాచవలసినది ఏమియు లేదు.

ఇంటివారితో రెండు మాటలు. మా సోదరి ఉత్తరములో ఒక పెళ్ళి ముచ్చట ఉన్నది. పంక్తిలో కూర్చున్నప్పుడు అత్తగారు, "ఆ నాలుగు మెతుకులేమిటే తల్లీ, ఇంకొక్క ముద్ద తిను" అన్నారట. చేతులు కడుగుకొనుచుండగా మేనత్త, "అన్ని లక్షలు పోసి ఇంతేనటే తగ్గినది?" అన్నదట. ఇరువురును ప్రేమతోనే అన్నారు. కాని ఒకే పూట, ఒకే మనిషి, తిననందుకును తగ్గనందుకును మాట పడినది. మొదటి మాట కడుపునకు బరువు. రెండవది పుండు మీద కారము. ఆపరేషను అయినవారిని, "ఎన్ని కిలోలు తగ్గినావు?" అని అడుగకుడు. "మోకాళ్ళెట్లున్నవి? నిద్ర పట్టుచున్నదా? మాత్రలున్నవా, తెచ్చి పెట్టనా?" అని అడుగుడు. ఈ ప్రశ్నలలో ఉపకారము ఉన్నది.

తూకము చూచుకొను పద్ధతి కూడ మార్చవలెను. ప్రతి ఉదయము యంత్రమెక్కుట అనవసరపు క్లేశము. ముందటి రాత్రి తిన్న ఆవకాయలోని ఉప్పు, స్త్రీలకు నెలసరి, మలబద్ధకము, ఏదైనను కిలో పైకి చూపవచ్చును. వారమునకొకసారి, అదే దినమున, అదే వేళకు, అదే యంత్రము మీద చూచి వ్రాసికొన్న చాలును. ఆ అంకె ప్రక్కన నడుము కొలతయు, చక్కెర, రక్తపోటు లెక్కలును, ఆగకుండ ఎక్కిన మెట్లును వ్రాయవలెను. తూకము నిలిచిన వారములలో కూడ నడుము తగ్గుట కలదు.

ఈ సంగతులన్నియు మా సోదరికి ఉత్తరముగా వ్రాసి, ముందు ఆసుపత్రికి పొమ్మని కోరినాము. రెండు నెలలకు జవాబు వచ్చినది. ఆమె వెళ్ళినారు. "డాక్టరుగారు కోపపడలేదు. ఎందుకమ్మా ఇన్నాళ్ళు రాలేదని మాత్రము అడిగినారు" అని వ్రాసినారు. రక్తపరీక్షలో ఇనుము, బి12 రెండును తక్కువగా ఉన్నవట. ఆ నీరసముతోనే ఆమె నడక మానినారు. నీరసమును టీతోను, బిస్కట్లతోను దాటించినారు. ఇప్పుడు మందులు మరల మొదలైనవి. బరువు 90 కిలోలు. పెద్ద మార్పు లేదు. ఇక ముందు ఎంత తగ్గునో ఆమెయు ఎరుగరు, మేమును ఎరుగము. కాని ఉత్తరము చివర ఆమె వ్రాసిన వాక్యము ఒకటి మాకు సంతోషము కలిగించినది. బడిలో మేడమీది తరగతికి పోవునప్పుడు ఇదివరలో సగము మెట్ల వద్ద గోడ పట్టుకొని నిలబడెడివారట. ఇప్పుడు పిల్లలతోపాటు పైకి చేరుచున్నారట.

ఈసారి ఉత్తరములో క్షమాపణ లేదు. పెసరపప్పుతో చేయదగిన వంటకములు మరికొన్ని చెప్పవలెనని ఒక ప్రశ్న ఉన్నది. దానికి వచ్చే వారము మా స్త్రీల కార్యక్రమమున సమాధానము చెప్పుదుము.